అగ్నిశిఖను ఇంట్లో పెంచడం ఎలా: దుంప నాటడం నుంచి మళ్ళీ దుంప నిద్రపోయే దాకా

వానాకాలం మొదలైందంటే చాలు, ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా వస్తుంది. ‘అగ్నిశిఖ దుంప నాటి నెలన్నర అయింది, మొలక లేదు.’ ‘మొలకొచ్చింది గానీ మోకాలెత్తు పెరిగి వాలిపోయింది.’ ‘నిరుడు బ్రహ్మాండంగా పూసింది, ఈ ఏడాది కుండీలో ఏమీ లేదు.’ ‘పూలు బాగానే ఉన్నాయి, ఒక్క సీతాకోకచిలుక కూడా రాలేదు.’ అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

అగ్నిశిఖ మన అడవి అంచుల్లో పుట్టి పెరిగిన తీగ. నల్లమలలో, శేషాచలం కొండల్లో, తూర్పు కనుమల పొడవునా వానలు పడ్డాక ముళ్ళపొదల మీదకి ఎక్కి, మంటలు పైకి లేచినట్టు పూస్తుంది. అడవి నాభి, పొత్తిదుంప అని కూడా అంటారు. సంస్కృతంలో లాంగలి, అంటే నాగలి. దుంప చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. పక్కనున్న తమిళనాడుకి ఇది రాష్ట్ర పుష్పం.

పెంచడం కష్టమేమీ కాదు. దీనికి ఆరు నెలలు మెలకువ, ఆరు నెలలు నిద్ర. ఆ నిద్రలో మనం కదిలించకుండా, నీళ్ళు పోయకుండా ఉండగలిగితే సగం పని అయినట్టే. చలికాలంలో ‘పాపం ఎండిపోయింది’ అని రోజూ నీళ్ళు పోసి దుంపని కుళ్ళబెట్టినవాళ్ళే ఎక్కువ. ఆ జాబితాలో మొదటి పేరు నాదే.

ముందు ఇది చదవండి: ఇది విషపు మొక్క

ఈ భాగం దాటేసి కింద ఉన్న దశలకి వెళ్ళిపోకండి. అగ్నిశిఖలో ఆకు, కాడ, పువ్వు, కాయ అన్నీ విషమే. దుంపలో, గింజల్లో మరీ ఎక్కువ. అందులో ఉండేది కోల్చిసిన్ అనే పదార్థం. గౌట్ అనే కీళ్ళ వాపుకి డాక్టర్లు లెక్కగట్టి మిల్లీగ్రాముల్లో ఇచ్చే మందు అదే. దుంప ముక్క తిన్నవాళ్ళకి కొన్ని గంటల్లో గొంతు మంట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మొదట్లో మామూలు అజీర్ణంలా కనిపించడమే ఇందులో మోసం.

అందుకని కొన్ని షరతులు. నేలమీద దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఇంట్లో ఉంటే ఇప్పుడు నాటకండి, నాలుగైదేళ్ళు ఆగండి. మేకలు, ఆవులు, తవ్వే అలవాటున్న కుక్క తిరిగే దొడ్డిలో కూడా వద్దు. దుంపని వంటింట్లోకి తేవద్దు. చిలగడదుంప, కంద ఉన్న బుట్టకి దరిదాపుల్లో ఉంచొద్దు. ముట్టుకున్నంత మాత్రాన ప్రాణం మీదకి రాదు గానీ కొందరికి చర్మం మండుతుంది, అందుకే కోసేటప్పుడు, గింజలు తీసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. నాటువైద్యంలో దీని పేరు వినిపిస్తుందని ఇంట్లో ప్రయోగాలు చేయకండి. ఎవరైనా తిన్నారని అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, చిట్కాలు చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మొక్క ముక్క ఒకటి కవర్లో వేసి డాక్టరుకి చూపించండి.

ఇదంతా చదివి వెనక్కి తగ్గితే తప్పేం లేదు. సీతాకోకచిలుకలే ముఖ్యమనుకుంటే డిసెంబరాలు, ముళ్ళగోరింట, కనకాంబరం పెంచుకోండి. అవీ మన నేలవే, పిల్లలున్న ఇంటికి ఇంత బెంగ అక్కర్లేదు.

కావలసినవి

- కన్ను (మొలక వచ్చే చోటు) చెడని దుంపలు, కనీసం 3. ఒక్కటి నాటితే పూలు చూడొచ్చు గానీ కాయ పట్టడం కష్టం.
- ఒక్కో దుంపకి 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీ. అడుగున రంధ్రాలు తప్పనిసరి. నేలలో నాటేట్టయితే నీళ్ళు నిలవని గట్టు.
- ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన ఆకుఎరువు లేదా పశువుల ఎరువు.
- ట్రైకోడెర్మా విరిడి పొడి కొంచెం. దుంపని కుళ్ళబెట్టే శిలీంధ్రాలని అడ్డుకునే మేలు శిలీంధ్రం ఇది. దొరక్కపోతే లేకుండానే కానివ్వండి.
- ఆసరాకి ఎండిన సన్నటి కొమ్మలు, లేదా కోళ్ళ జాలీ, లేదా పురికొస.
- గ్లౌజులు, చెరగని మార్కర్, కుండీకి గుచ్చే రెండు చీటీలు.

చీటీలు చాదస్తం అనుకోకండి. వాటి అవసరం డిసెంబరులో తెలుస్తుంది.

దశ 1: దుంప ఎక్కడ తెచ్చుకోవాలి

అడవిలో తవ్వుకురావద్దు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా మొక్కలు తవ్వడం నేరం. అది పక్కన పెట్టినా, మందుల కోసం దీన్ని ఇప్పటికే విపరీతంగా తవ్వేశారు, సీతాకోకచిలుకల కోసం అంటూ వాటి తిండి తవ్వుకొస్తే అర్థం లేదు. నర్సరీలో గానీ, ఇంతకుముందే పెంచుతున్నవాళ్ళ దగ్గర గానీ తీసుకోండి. తమిళనాడులో దిండుక్కల్, కరూర్, తిరుప్పూర్ జిల్లాల్లో గింజల కోసం పొలాల్లోనే సాగు చేస్తారు కాబట్టి సాగు దుంపలు మార్కెట్లో ఉంటాయి.

కొనేటప్పుడు ఒక సంగతి అడగండి. నర్సరీల్లో ‘గ్లోరీ లిల్లీ’ పేరుతో అమ్మేవాటిలో రోత్‌షీల్డియానా అనే ఆఫ్రికా రకం కూడా ఉంటుంది. దాని రేకులు వెడల్పుగా, అంచులు కొంచెమే అలలుగా ఉంటాయి. మన అడవి రకానికి రేకులు సన్నగా, అంచులు బాగా మెలికలు తిరిగి, కింది సగం పసుపుగా ఉంటాయి. పువ్వు ఫోటో చూపించమంటే తేలిపోతుంది.

దుంప చేతికి గట్టిగా, బరువుగా తగలాలి. 50 గ్రాములకి పైగా ఉంటే ఆ ఏడే పూసే అవకాశం ఎక్కువ. చిటికెన వేలంత దుంప అయితే మొదటి ఏడు ఆకులతోనే సరిపెట్టుకోవాలి. మెత్తబడ్డవి, బూజు వాసన వచ్చేవి ఉచితంగా ఇచ్చినా వద్దు.

దశ 2: కన్ను వెతకండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా.

బంగాళదుంపకి ఒళ్ళంతా కళ్ళే. ఎక్కడ కోసి నాటినా ఏదో ఒక కన్ను మొలుస్తుంది. అగ్నిశిఖ అలా కాదు. దుంప ‘వి’ ఆకారంలో రెండు చేతులుగా ఉంటుంది, ఒక్కో చేతికీ చివర ఒక్కటే కన్ను. ఆ కొస విరిగిందంటే ఆ చేయి ఇక మొలవదు. మధ్యలో ఎంత కండ ఉన్నా లాభం లేదు. కొస బతికి ఉందో లేదో చూడటానికి గోరుతో గీకకండి, కళ్ళతో చూస్తే చాలు. నున్నగా, కొంచెం లేతరంగులో బొడిపెలా ఉంటే బాగున్నట్టు. నల్లబడి లోపలికి ముడుచుకుపోయి ఉంటే అనుమానించాల్సిందే.

రెండు చేతులూ బాగుంటే వాటిని కలిసే చోట విడదీసి రెండు మొక్కలు చేసుకోవచ్చు. గ్లౌజులు వేసుకుని, శుభ్రమైన కత్తితో కోసి, కోత ఆరేదాకా రెండు మూడు రోజులు నీడలో పెట్టండి. పచ్చి గాయంతో మట్టిలో పెడితే కుళ్ళు అక్కడినుంచే మొదలవుతుంది. మొదటిసారి నాటుతున్నారా? అయితే కోయకండి, ఉన్నది ఉన్నట్టే నాటండి. పార్సిల్లో వచ్చిన దుంపలకి కొస విరిగి ఉండటం మామూలే, కాబట్టి విప్పగానే ఫోటో తీసి అమ్మినవాళ్ళకి పంపండి. రెండు వారాల తర్వాత చెబితే ఎవరూ ఒప్పుకోరు.

దశ 3: మట్టి

2 పాళ్ళు ఎర్రమట్టి, 1 పాలు ఇసుక, 1 పాలు ఆకుఎరువు. కుండీకి ఒక చెంచాడు ట్రైకోడెర్మా కలపండి. దుంపని రసాయన శిలీంధ్రనాశకంలో ముంచి నాటే పద్ధతి కూడా ఉంది. అది చేస్తే ట్రైకోడెర్మా వేయకండి, ఆ మందుకి ఇదీ చస్తుంది.

నల్లరేగడి మట్టి ఒక్కటే ఉన్నవాళ్ళు కుండీలోనే పెంచండి, లేదా అడుగు ఎత్తు గట్టు పోసి దాని మీద నాటండి.

*చూసుకోవాల్సింది:* నింపిన కుండీలో ఒక చెంబుడు నీళ్ళు పోయండి. అర నిమిషంలో ఇంకిపోయి కింది రంధ్రంలోంచి కారాలి. పైన మడుగులా నిలబడితే ఇంకో పాలు ఇసుక కలపండి. ఈ పరీక్ష దుంప పెట్టకముందు చేయాలి.

దశ 4: నాటడం

రోహిణి కార్తె చివర, మృగశిర మొదట్లో, అంటే మే ఆఖరు నుంచి జూన్ రెండో వారం లోపు. దుంపకి కాలం మనకంటే బాగా తెలుసు. చాలాసార్లు మే నెలలోనే పొడి గదిలో, మట్టి లేకుండానే కన్ను కొంచెం ఉబ్బుతుంది. అలా ఉబ్బిందంటే ఇక ఆలస్యం చేయకండి.

దుంపని అడ్డంగా పడుకోబెట్టండి, నిలబెట్టకండి. మీద రెండు మూడు అంగుళాల మట్టి చాలు. కుండీ గోడకి కన్ను ఆనకుండా చూడండి, ఆనితే మొలక వంకరపోతుంది. ఒక్కసారి నిండా నీళ్ళు పోసి వదిలేయండి.

కుండీ ఎక్కడ పెట్టాలంటే, అడవి అంచుని గుర్తు చేసుకోండి. కాళ్ళు పొద నీడలో, తల ఎండలో. పొద్దున నాలుగైదు గంటల ఎండ తగిలి, మధ్యాహ్నం కుండీకి నీడ పడే చోటు సరైనది. మేడమీద అయితే ఈ కుండీ ముందు ఇంకో రెండు చిన్న కుండీలు అడ్డం పెడితే సరిపోతుంది. పూర్తి నీడలో తీగ సాగుతుంది గానీ పూయదు.

చీటీ ఒకటి గుచ్చండి: మొక్క పేరు, నాటిన తేదీ, దుంప బరువు, ‘విషం’ అన్న మాట.

దశ 5: తవ్వి చూడకండి

మొలక రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తుంది. కొన్ని మొండి దుంపలు ఆరు వారాలు కూడా తీసుకుంటాయి. ఈలోగా మట్టి పైపొర ఆరినప్పుడు మాత్రమే కొద్దిగా తడపండి. వాన పడుతుంటే అదీ అక్కర్లేదు. ఎడతెరిపి లేని ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందకి జరపడం మంచిది.

‘ఏమైందో ఒకసారి చూద్దాం’ అని వేలు పెట్టి కెలకడమే ఈ దశలో జరిగే ఘోరం. మొలక పెళుసుగా ఉంటుంది, తగిలితే టక్కున విరుగుతుంది. విరిగితే ఆ చేతికి ఆ ఏడాది ఇంకో మొలక మీద ఆశ పెట్టుకోవద్దు. ఆరు వారాలు దాటాక టెన్షన్ ఆగకపోతే అప్పుడు పక్కనుంచి మట్టి నెమ్మదిగా తీసి చూడండి. దుంప గట్టిగా ఉంటే మళ్ళీ కప్పేయండి. మెత్తగా జావలా ఉంటే అయిపోయినట్టే, ఆ మట్టి ఇంకో దుంపకి వాడకండి.

దశ 6: ఆసరా

మొలక జానెడు రాగానే ఆసరా పెట్టాలి. ‘వెదురు కర్ర పాతాను, అయినా ఎక్కట్లేదు’ అనేవాళ్ళకి జవాబు ఇదిగో. ఈ తీగకి చిక్కుడులాగా కర్ర చుట్టూ తిరిగే అలవాటు లేదు. దీని ఆకు కొసే సన్నగా సాగి, మెలి తిరిగి, దొరికినదాన్ని పట్టుకుంటుంది. అంత చిన్న మెలికకి లావు కర్ర ఎలా అందుతుంది? పెన్సిల్ కంటే సన్నగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. అందుకే ఎండిన పుల్లలు, జాలీ, పురికొస.

నాకు అన్నిటికంటే నచ్చింది గోరింట పొద పక్కన నాటడం. సన్నటి కొమ్మలు నిండుగా ఉంటాయి, మొదలుకి నీడ ఇస్తుంది, అగ్నిశిఖ తనంతట తనే పాకిపోతుంది. అడవిలో అది బతికే తీరు కూడా ఇదే. ఒకటే జాగ్రత్త: ఆ గోరింట ఆకు కోసుకునేవాళ్ళకి లోపల ఏ తీగ ఉందో చెప్పి ఉంచండి. చేతికి పెట్టుకునే రుబ్బులో అగ్నిశిఖ ఆకు కలవకూడదు కదా.

తీగ ఐదారు అడుగులు, ఒక్కోసారి అంతకంటే ఎత్తు పోతుంది. గాలికి విరగకుండా రెండు చోట్ల వదులుగా కట్టండి. తల తుంచితే కొమ్మలు వేస్తుందనుకుని తుంచకండి. పూలు వచ్చేది ఆ తలలోనే.

దశ 7: నీళ్ళు, ఎరువు

పెరిగే కాలంలో మట్టి తేమగా ఉండాలి, బురదగా కాదు. మూడు వారాలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. యూరియా వేస్తే ఆకు దట్టంగా వస్తుంది, పూలు తగ్గుతాయి, కాడ మెత్తబడి కుళ్ళు కూడా తొందరగా పడుతుంది. మొదలు దగ్గర కాడ గోధుమరంగుకి తిరిగి మెత్తబడుతుంటే నీళ్ళు ఎక్కువయ్యాయని అర్థం. వెంటనే ఆపేసి, మొదలు చుట్టూ ఉన్న ఆకుచెత్త తీసి గాలి తగలనివ్వండి.

దశ 8: గొంగళిపురుగు వచ్చింది, ఏం చేయాలి?

వస్తుంది. నల్లటి ఒంటి మీద ఎరుపు, తెలుపు చుక్కలతో పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంటుంది. పాలిటెలా గ్లోరియోసే అనే చిమ్మట పిల్ల ఇది. పేరులోనే మన మొక్క పేరుంది చూశారా? ఇంత విషపు ఆకునీ హాయిగా నమిలేస్తుంది, ఇంకెవరూ ముట్టని భోజనం దొరికింది దానికి.

పొద్దున్నే ఆకుల అడుగున చూడండి. గుడ్ల గుంపు కనిపిస్తే ఆ ఆకు తుంచేయండి. పురుగులు నాలుగైదు ఉంటే నేను వదిలేస్తాను. పదీ ఇరవై ఉండి తల తినేస్తుంటే పుల్లతో ఏరి తీసేస్తాను, మొక్కకి ఒకటి రెండు మిగులుస్తాను. పురుగుమందు మాత్రం కొట్టకండి. తేనె కోసం వచ్చే సీతాకోకచిలుకకి, ఆకు తినే పురుగుకి తేడా ఆ మందుకి తెలియదు. వేపనూనె కూడా పూలు లేనప్పుడు, సాయంత్రం పూట, పురుగున్న ఆకుల మీద మాత్రమే.

దశ 9: పూలు వచ్చాక

ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య పూస్తుంది. మొగ్గ విచ్చినప్పుడు రేకులు ఆకుపచ్చ కలిసిన పసుపు, తర్వాత పసుపు-ఎరుపు, చివరికి నిండు ఎరుపు. ఒకే తీగ మీద మూడు రంగులూ ఒకేసారి చూడొచ్చు. ‘పువ్వుకి రోగం వచ్చి రంగు మారుతోంది’ అని కోసేయకండి, దాని తీరే అంత.

పువ్వు నిర్మాణం ఒక్కసారి దగ్గరగా చూడండి. ఆరు రేకులూ వెనక్కి, పైకి తిరిగిపోతాయి. ఆరు కేసరాలు బండిచక్రం ఆకుల్లా చుట్టూ చాచుకుని ఉంటాయి. కీలం (పుప్పొడిని అందుకునే సన్నటి కాడ) మాత్రం మొదట్లోనే పక్కకి దాదాపు లంబంగా వంగి, తన కేసరాలకి దూరంగా పోతుంది. తేనె కోసం లోపలికొచ్చే పెద్ద సీతాకోకచిలుక రెక్కలకి చాచిన కేసరాల పుప్పొడి అంటుకుంటుంది, ఇంకో పువ్వు దగ్గర అదే రెక్క కీలాగ్రానికి తగులుతుంది. తేనెపిట్టలు కూడా వస్తాయి. తేనెటీగలు వచ్చినా వాటి చూపు ఎక్కువగా పుప్పొడి మీదే. పువ్వు తన పుప్పొడిని తనే అందుకోకుండా ఇంత ఏర్పాటు చేసుకుంది కాబట్టే ఒక్క మొక్క కాకుండా 3 నాటమన్నాను.

సీతాకోకచిలుకలు రావట్లేదంటే మొక్కలో లోపం వెతక్కండి. చుట్టుపక్కల వాటి పిల్లలకి తిండి ఉందా అని చూడండి. కరివేపాకు, నిమ్మ ఉంటే పెద్ద తోక సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. రేల చెట్టు ఉంటే పసుపుపచ్చ వలస సీతాకోకచిలుకలు. కరివేపాకు మీద పక్షి రెట్టలాంటి చిన్న పురుగు కనిపించగానే నలిపేసే ఇంట్లో అగ్నిశిఖ ఒక్కటే ఎన్ని పూలు పూసి ఏం లాభం? ఒక పళ్ళెంలో తడి ఇసుక పెట్టి ఎండ తగిలే చోట ఉంచినా మంచిదే, ఉప్పూ తేమా పీల్చుకోవడానికి వాలతాయి.

అసలేమీ రాని చోట, ఎత్తైన అపార్టుమెంటు బాల్కనీల్లో, చేత్తో పుప్పొడి అంటించుకోవచ్చు. తమిళనాడు రైతులు పొలాల్లో చేసే పనే ఇది. పువ్వు విచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో, పొద్దున పూట, ఒక మొక్క కేసరం తుంచి ఇంకో మొక్క పువ్వు కీలం కొసకి సుతారంగా రాయండి. అయితే ప్రతి పువ్వుకీ చేయకండి, కొన్ని వదిలేయండి. ఎందుకో చివర్లో చెబుతాను.

దశ 10: కాయలు, గింజలు

కాయ పచ్చగా, పొడుగ్గా, వేలెడంత ఉంటుంది. ముదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పచ్చదనం పోయి, తొక్క ముడతలు పడగానే కోయండి. ఆలస్యమైతే మూడు చీలికలుగా పగిలి నారింజ-ఎరుపు గింజలు బయటపడతాయి. చూడటానికి తినాలనిపించేలా ఉంటాయి, పిల్లలకి అసలు ప్రమాదం ఇక్కడే. గింజలు అక్కర్లేనివాళ్ళు కాయ లేతగా ఉండగానే తీసేయండి.

గింజతో మొక్క చేయాలంటే ఓపిక కావాలి. తొక్క గట్టిది. ఎండబెట్టి, వచ్చే వేసవి చివరి దాకా దాచి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతులో నాటాలి. మొలవడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలలు. మొదటి ఏడు నాలుగు గడ్డిపరకల్లాంటి ఆకులు, మూడో ఏడో నాలుగో ఏడో పువ్వు.

దశ 11: నిద్ర పుచ్చడం

పూలు అయిపోగానే తీగ కత్తిరించేస్తారు చాలామంది, బాల్కనీ అందంగా ఉండాలని. అది వచ్చే ఏటి పూలని కత్తిరించడమే. ఈ ఏడు నాటిన దుంప కరిగిపోతూ, దాని బదులు కొత్త దుంప కింద తయారవుతూ ఉంటుంది. ఆ దుంపకి కండ పట్టేది పూల తర్వాతే, ఆ పచ్చటి ఆకులవల్లే. కాబట్టి ఆకులు వాటంతట అవి పసుపుబారేదాకా నీళ్ళు పోస్తూనే ఉండండి.

నవంబరు, డిసెంబరుల్లో తీగ పసుపై ఎండుతుంది. అప్పుడు నీళ్ళు పూర్తిగా ఆపండి. పూర్తిగా అంటే పూర్తిగా. ఎండిన తీగని లాగకండి, లాగితే కన్ను ఊడి వస్తుంది. మొదలుకి రెండంగుళాల పైన కత్తిరించండి. కుండీలోనే వదిలేయాలనుకుంటే వాన పడని మూలకి జరిపి, ‘నిద్రలో ఉంది, నీళ్ళు పోయవద్దు’ అని రెండో చీటీ గుచ్చండి. మీరు ఊరెళ్ళినప్పుడు ప్రేమగా కుండీలన్నీ తడిపే అత్తగారికో, పనిమనిషికో, పక్కింటివాళ్ళకో ఆ చీటీ కనబడాలి.

నేలలో ఉన్నవి, నీళ్ళు నిలిచే చోట ఉన్నవి తవ్వి తీయాలి. దూరంనుంచి తవ్వుతూ రండి, గడ్డపార వద్దు, చేత్తో మట్టి విప్పండి. కడగకుండా మట్టి దులిపి, నీడలో వారం ఆరబెట్టి, పొడి ఇసుక నింపిన డబ్బాలో పెట్టండి. మూతకి రంధ్రాలు ఉండాలి. తాళం వేసే అల్మరా అయితే ఇంకా మంచిది. నెలకోసారి తెరిచి చూసి మెత్తబడ్డవి తీసేయండి. ఫ్రిజ్‌లో వద్దు. చల్లదనం దీనికి పడదు, పైగా అది తిండి పెట్టుకునే చోటు.

ఎక్కువగా అడిగే మూడు ప్రశ్నలు

*ఆకులు బాగున్నాయి, పూలు లేవు.* దుంప చిన్నదైనా, ఎండ తక్కువైనా, యూరియా ఎక్కువైనా ఇంతే. ఎండ సరిచేసి ఈ ఏడాది ఆకులతోనే వదిలేయండి, వచ్చే ఏడు చూడండి.

*ఆకు కొసలు ఎండి గోధుమరంగు అవుతున్నాయి.* మెలి తిరిగే కొసలకి పట్టుకోవడానికి ఏమీ దొరక్కపోతే కొన్ని అలాగే ఎండుతాయి, కంగారు లేదు. ఆకు మధ్యలో మచ్చలు పెరుగుతుంటే మాత్రం శిలీంధ్రం. ఆ ఆకులు తీసేయండి, నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి.

*విదేశాల్లో ఉన్న పిల్లలకి గింజలు పంపొచ్చా?* వద్దు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఇసుకదిబ్బల మీద ఇది అల్లుకుపోయి కలుపుమొక్కగా తయారైంది. మన నేలలో మనది, ఇంకోచోట అలా కాదు.

ఫలితం చూసుకోవడం

మొక్క బతికిందా అన్నది మే నెలలో దుంప చూస్తే తెలుస్తుంది: పెట్టినదానికంటే తీసినది బరువుగా ఉండాలి. అందుకే నాటేముందు వంటింటి కాటా కాకుండా వేరే కాటా మీద తూచి చీటీ మీద రాసుకోమంటాను. తగ్గిందంటే తీగని తొందరగా కత్తిరించారు, లేదా ఎండ చాలలేదు.

సీతాకోకచిలుకలకి పనికొచ్చిందా అన్నది రెండు రకాలుగా చూడొచ్చు. పూలున్న వారంలో నాలుగు రోజులు, పొద్దున ఒక ఇరవై నిమిషాలు, కాస్త దూరంగా కూర్చుని ఎవరెవరు వాలారో రాసుకోండి. చీమలని లెక్కపెట్టకండి. రెండోది ఇంకా గట్టి రుజువు: మీరు చేత్తో ముట్టకుండా వదిలేసిన పూలున్నాయి కదా, వాటికి దారం కట్టి గుర్తుపెట్టుకోండి. వాటికి కాయ పట్టి ఉబ్బుతోందంటే మీరు చూడని వేళలోనైనా ఎవరో వచ్చి పని చేసి వెళ్ళినట్టే. దారం కట్టినవన్నీ రాలిపోయి, చేత్తో అంటించినవే కాయ పడితే, వచ్చే ఏడాది నాటాల్సింది ఇంకో అగ్నిశిఖ కాదు, ఒక నిమ్మ మొక్క.

రెండు మూడేళ్ళకి దుంపలు మీ అవసరానికి మించి అవుతాయి, ఎవరికైనా ఇవ్వాలనిపిస్తుంది. ఇచ్చేటప్పుడు కూరగాయల కవర్లో వేసి ఇవ్వకండి. కవరు మీద పెద్ద అక్షరాలతో ‘అగ్నిశిఖ, విషం, తినకూడదు’ అని రాసి, ఆ కవరు ఇంట్లో ఎక్కడ పెడతారో అడిగి మరీ ఇవ్వండి.